బియ్యం డబ్బాలో చమ్కీ కార్డు

చమ్కీ పొడి చూస్తే నాకు ఇప్పటికీ రోత. పెండ్లిపత్రిక మీద రవ్వంత తళుక్కుమన్నా సరే, దూరంగా పెట్టి చేతులు దులుపుకుంటాను. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్లు ఆ సాయంత్రం ఆ ఊర్లో ఉండ్లేదు.

నేను శింగనమల దిక్కు ఒక చిన్న పల్లెలో ఎలిమెంటరీ బడి టీచర్ని. పేరుకు ఇద్దరం. రెండో ఆయన్ని ఎప్పుడూ ఏదో ఒక డ్యూటీ అని లాక్కుపోతాంటారు, కాబట్టి అన్ని తరగతులూ నా నెత్తినే. పొద్దన్నే అనంతపురంలో బస్సెక్కుతాను, నాలుగున్నర బస్సుకు తిరిగి పోతాను. ఆ ఊరు రాత్రి ఎట్లుంటుందో నాకు తెలీదు. ఇన్నేండ్లలో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, అదీ చెప్పుకోవాల్సిన మాటే.

ఈ ఏడు వాన రాలేదు. మా దిక్కు అది వార్త కాదు. చెనక్కాయ చేన్లు పూతకు రాకముందే ఎండిపోయినాయి. ఆడోళ్లంతా పొద్దు పొడవకముందే ఆటోల్లో ఎక్కి చీనీ, అంటే బత్తాయి, తోటల్లోకి కాయలు కోసే కూలికి పోతాండిరి. పిల్లోళ్లు జడలు సరిగా వేసుకోకుండా, మొహాలు కడిగీ కడక్కుండా బడికి వస్తాండిరి. సరిగ్గా ఆ పొద్దుల్లోనే ఒక సంస్థ వాళ్లు వచ్చినారు, మా పిల్లోళ్లకు కృతజ్ఞత నేర్పుతామని. సహకరించమని పైనుంచి కాగితం ముందే వచ్చిండె.

"ఏమన్నా తక్కువైందామ్మా మా పిల్లోళ్లకు?" అని అడిగినాను.

"కృతజ్ఞతాభావం చిన్న వయసులోనే నాటాలి మేడం. ఆటలతో, చేతిపనులతో" అనింది వచ్చిన అమ్మాయి.

నాటాలంట! చేన్లో విత్తనమే మొలవక చస్తాంటే.

ఆ అమ్మాయి ఏదో పెద్ద ఊరి నుంచి వచ్చిండె. పాతికేండ్లు ఉంటాయేమో. నేత చీర, మెడలో మట్టిపూసల దండ, చేతిలో ఎప్పుడూ ఫోను. చెడ్డపిల్ల అని నేను అనను. చెడ్డదైతేనే బాగుండు, తిట్టి పంపించింటాను. పిల్లోళ్లతో పాటు కింద బండల మీద కూచునేది, వాళ్లతో పాటు సాంబారు అన్నం తినేది, మా వంట ఆయమ్మను "అమ్మా" అని పిలిచేది. ఇట్లాంటి మంచోళ్లతోనే ఎక్కువ తంటా.

ఒక అట్టపెట్టె నిండా సామాన్లు తెచ్చింది. రంగు చార్టులు, గమ్ము, మొండి కత్తెరలు, స్కెచ్చు పెన్నులు, ఐదు రంగుల చమ్కీ పొడి డబ్బాలు. దాంతోపాటు ఒక పుస్తకం. ఏ వారం ఏం చెయ్యాలో అంతా అందులో రాసుండాది.

మొదటి వారం కృతజ్ఞతా వృక్షం. ఎండిన తుమ్మకొమ్మ ఒకటి విరిచి బకెట్లో మట్టి పోసి నిలబెట్టినాం. పిల్లోళ్లు ఆకులాగా కత్తిరించిన పచ్చ కాగితాల మీద, దేనికి కృతజ్ఞులో రాసి ముండ్లకు గుచ్చాల. ఒకడు "మోటరు" అని రాసినాడు. ఇంకొకతి "గుడ్డు". ఇంకొకతి "బస్సు ఆగినందుకు". ఆ అమ్మాయికి ఇవి చాల్లేదు. "సూర్యుడికి కృతజ్ఞతలు చెప్దామా? మనకు వెలుగిస్తాడు కదా" అని ముద్దుగా అడిగింది. ముందు వరుసలో ఒకతి లేచి, "ఆయప్పకెందుకు మేడం? ఆయప్పే గదా అంతా ఎండబెట్టింది" అనింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వినాను. ఆ అమ్మాయి నవ్వలేదు, ఫోన్లో ఏదో రాసుకునింది.

రెండో వారం కృతజ్ఞతా రాయి. రాయి ఏరుకొని, కడిగి, రంగు వేసి, దాన్ని చేతిలో పట్టుకొని మంచి సంగతులు తలుచుకోవాలంట. ఖర్మ! రాళ్లకేమన్నా కరువా మా ఊర్లో? చేన్లో నుంచి రాళ్లు ఏరీ ఏరీ వాళ్ల అవ్వల నడుములు వంగిపోయుంటాయి, మనుమరాండ్లు ఆ రాయిని కడిగి రంగేసి ఒళ్లో పెట్టుకోవాల. కడగటానికి ఒక బిందె నీళ్లు. ఆ బిందె వంట ఆయమ్మ బోరింగు కాడ కొట్టీ కొట్టీ తెచ్చింది. ఆయమ్మ బిందె దించింది. నావైపు ఒక చూపు చూసింది, అంతే.  అయినా ఫోటోకు నిలబడినాను, రాయి చేతిలో పట్టుకొని, పండ్లు బయటపెట్టి.

మూడో వారం అమ్మకు కార్డు. నేను రాయాలనుకునింది ఈ మూడో వారం గురించే.

మా దిక్కు కృతజ్ఞత లేదా అంటే ఉండాది. దానికి మాట లేదు, అంతే. దావన పోయేవానికి చెంబెడు నీళ్లిస్తే, తాగి మూతి తుడుచుకొని, "నీ కడుపు సల్లగుండనమ్మా" అంటాడు. అది దీవెన. బయటోళ్లకు అది. ఇంట్లో అదీ లేదు. అమ్మ సంగటి పెడుతుంది, తిని లేస్తాం. "థ్యాంక్స్ అమ్మా" అనుంటే మా అమ్మ గరిటె తిరగేసి, "ఏమే, నేనేమన్నా హోటలు పెట్టినానా?" అనింటుంది. సొంతోళ్లకు థ్యాంక్స్ చెప్పడమంటే వాళ్లను గడప బయట నిలబెట్టడం మాకు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పినాను.

"అదే మేడం, అదే మనం మార్చాల్సింది" అనింది.

చాక్‌పీసు అందుకున్నాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "అమ్మా, నీకు కృతజ్ఞతలు" అని రాసినాను. ఆ "జ్ఞ" దగ్గర సగం క్లాసు కూలబడింది. కురుతగ్గెత అని ఒకడు, కుతగనత అని ఒకతి. విసుగొచ్చి అంతా తుడిచేసి, అందరికీ తెలిసిన మాటే అని ఇంకొకటి రాసినాను: "అమ్మా, నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను." ఎంత చక్కటి తెలుగు అని నాకు నేనే మురిసిపోయినాను. "దీన్ని చూసి రాసి, కింద మీకు తోచిన మాట ఒకటి రాయండి" అన్నాను.

నాలుగో తరగతిలో ఒక పాప ఉండాది. అక్షరాలు ముత్యాల మాదిరి రాసేది గానీ వత్తులంటే భయం. కష్టమైన వత్తు ఉండే మాటొస్తే, ఆ మాటనే మార్చేసి తనకు వచ్చింది రాసే టక్కరిది. డిక్టేషన్‌లో "సూర్యుడు" అని చెప్తే "ఎండ" అని రాసేది. "మ్మేయ్, నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది?" అంటే, "రెండూ ఒకటే గదా మేడం" అనేది. నాకు ఆ పాప అంటే ముచ్చట. తప్పు చూపించాలని దాని రాతను అట్లే పైకి చదివేదాన్ని, క్లాసంతా నవ్వేది, అదీ నవ్వేది. తప్పును తప్పుగానే చదివి వినిపించడం నాకు ఇరవై ఏండ్ల అలవాటు.

ఆ పాప నాయన మూడేండ్ల కింద ఇల్లు విడిచిపోయినాడు. తాడిపత్రిలో బండల పనికి పోతాండె. ఒక పొద్దు పనికని పోయినోడు మళ్లీ రాలేదు. యాడనో ఇంకొక సంసారం పెట్టినాడని కొందరు, కాదని కొందరు. అమ్మ కూలికి పోతాంది, అవ్వకు కండ్లు కనపడవు. ఊరందరికీ తెలిసినంత నాకూ తెలుసు. అంతకు మించి నేను ఎప్పుడూ అడగలేదు.

"తీర్చుకోలేను"లో ఆ "ర్చు" వత్తు కాడ పాప ఆగిపోయింటుంది. నన్ను అడగలేదు, తనకు వచ్చిన మాట వేసుకునింది. నేను ఆ కార్డులు చదవలేదు. ఆ సంస్థ వాళ్ల యాప్‌లో ఫోటోలు ఎక్కించే పనిలో పడి, ముందుకు వచ్చిన ప్రతి కార్డు మీదా ఎర్ర స్కెచ్చు పెన్నుతో నక్షత్రం గీసి పంపించినాను. పిల్లోళ్ల రాత దిద్దేదానికే నాకు జీతం. ఆ పొద్దు దిద్దలేదు.

బడి విడిచేముందు ఆ అమ్మాయి పిల్లోళ్లందరినీ గుండ్రంగా కూచోబెట్టి చెప్పింది. "కార్డును అమ్మ రోజూ చెయ్యి పెట్టే చోట దాచిపెట్టండి. మీరు కనపడకుండా దాక్కోండి. అమ్మ కార్డు చూస్తుంది. అమ్మ కళ్లల్లో నీళ్లు వస్తాయి. మీరు భయపడకూడదు. అవి సంతోషం కన్నీళ్లు. వాటిని ఏమంటారు? ఆనందబాష్పాలు!" పిల్లోళ్లు అందరూ అరిచినారు, "ఆనందబాసుపాలు!" అని.

ఆ సాయంత్రం నేను నాలుగున్నర బస్సు వదిలేసినాను. అమ్మలు కార్డు చూసేటప్పుడు వీడియో తియ్యాల, ఊర్లో మేడం తోడుంటే ఆడోళ్లు మొహమాటపడరు అని ఆ అమ్మాయి బతిమాలింది. కూలి ఆటోలు వచ్చే వేళకు మేమిద్దరం ఊర్లోకి పోయినాం. మొదటి ఇంట్లో తల్లికి చదువు రాదు, కొడుకే చదివి వినిపించినాడు. ఆయమ్మ అంతా విని, "ఎవురు రాయమన్నారు? మేడమా? సరే, పోయి ఎనుముకు నీళ్లు పెట్టుపో" అనింది. ఆ అమ్మాయి ఫోను దించి, "ఇంకొకసారి చేద్దామా అమ్మా, కొంచెం ఫీల్ అవుతూ?" అని అడిగింది. ఆయమ్మకు అర్థం కాక నావైపు చూసింది. నాకు తలకాయ యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు.

అప్పుడే సందు చివర నుంచి ఆ పాప తల్లి పరిగెత్తుకొని వచ్చింది. కొప్పు ఊడిపోయుండాది. చీనీ ముండ్లు గీరిన చేతులు, ఒక చేతిలో బియ్యపు గింజలు అంటుకున్న రంగు కాగితం.

"మేడమా, ఇది సదువు! ఇదేం రాసుండాదో బిన్నా, తొందరగా సదువు!"

"ఏమైందమ్మా, కూచో" అన్నాను.

"కూచునేదానికి లేదు. బియ్యం డబ్బాలో ఉండాది. బిడ్డ నాయన ఆయప్ప గూడా ఇట్లే కాగితం బియ్యం డబ్బాలోనే పెట్టిపాయె. అప్పుడు అంగట్లో నలుగురి ముందర సదివించుకోని సచ్చినా. నువ్వు సదువు. బిడ్డ ఇంట్లో లేదు."

నాకు ఆమె మాట సగమే ఎక్కింది. కార్డు చూస్తూనే నవ్వొచ్చింది, ఓ ఇదా అని. ఎర్ర పువ్వు, దాని మీద చమ్కీ, పైన నేను గీసిన నక్షత్రం. ఏం రాసుంటుందో నాకు తెలుసు కదా, బోర్డు మీద రాసింది నేనే కదా. అమ్మాయి పక్కనుంచి ఫోను ఎత్తింది. నేను గొంతు సవరించుకొని, క్లాసులో చదివినట్లు, ముద్దుగా సాగదీసి చదివినాను.

"అమ్మా... నీ రుణం... ఈ జన్మలో..."

తర్వాతి మాట నా కంటికి కనపడింది. అక్కడ ఆగిండొచ్చు. బోర్డు మీద మాట నోటికి వచ్చు, అదే చెప్పిండొచ్చు. కానీ తప్పును తప్పుగానే చదివే నోరు కదా ఇది, దాని పని అది చేసేసింది.

"...తీరిపోయింది. ఇంక నాకోసం కూలికి పోవద్దు."

మన మాటల్లో "రుణం తీరిపోయింది" అని ఎప్పుడంటారో తెలుగు బిడ్డకు ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. పాడె లేచినంక అంటారు. మనిషి తెంచుకొని పోయినంక అంటారు. మూడేండ్లుగా ఆ ఇంట్లో కండ్లు కనపడని అవ్వ, కొడుకు మాట వచ్చినప్పుడంతా, "వానికీ మనకూ రుణం తీరిపాయె" అంటాందంట. పాపకు నోటికొచ్చిన మాట అదే. వత్తు లేని మాట కూడా అదే.

ఆయమ్మ అరవలేదు. "యాడికి పోయింది?" అని నన్నే అడిగింది, నేను రాసినట్లు. మళ్లీ వెంటనే తిరిగి బావి దిక్కు పరిగెత్తింది.

ఊరు ఊరంతా కదిలింది. ఆ బావిలో నీళ్లు లేవు, ఎండిపోయి శానా ఏండ్లయింది. నీళ్లు లేకపోయినా లోతు లోతే కదా. ఒకాయన తాడు కట్టుకొని దిగినాడు. ఇంకొందరు చీనీ తోట దిక్కు పోయినారు, కొందరు బస్సు దావకు. ఆ అమ్మాయి కూడా మా వెనకాలే పరిగెత్తింది. తుమ్మముల్లు చెప్పులోంచి దిగి కాలు రక్తం కారతాన్నా నిలబడలేదు. ఏడస్తానే పరిగెత్తింది. ఏడస్తానే ఫోను కూడా పట్టుకొని ఉండాది, ఆపలేదు. ఆపాలని దానికి తోచలేదో, చెయ్యి అలవాటో, నాకు ఈ పొద్దుకీ తెలీదు.

ఆయమ్మ బావి ఒడ్డున కూలబడి, చేతిలో కార్డును నలిపి నలిపి, అదే చేత్తో కండ్లు తుడుచుకుంటాంది. చెంపల నిండా చమ్కీ అంటుకొని, దిగే పొద్దు వెలుగులో తళతళ మెరుస్తాంది. అంత అసయ్యంగా మెరిసింది నేను నా జన్మలో ఇంకొకటి చూడలేదు.

పాప తనకు తానే వచ్చింది. ఇంటి వెనక గడ్డివామి చాటున దాక్కొనుండాది, కొత్త మేడం చెప్పినట్లు. వెనక తలుపులోంచి అమ్మ డబ్బా మూత తీసేది చూసింది. కార్డు చూసేది చూసింది. అమ్మ కండ్లల్లో నీళ్లు వచ్చేది చూసింది. భయపడలేదు. అమ్మ ఏడ్చుకుంటా వీధిలోకి పరిగెత్తితే, ఊరందరికీ చూపించేదానికి పోతాందనుకునింది. శానాసేపు కాచుకొని, ఎంతకూ రాకపోతే, జనం అరుపులు విని బావి కాడికి వచ్చింది. జనంలోంచి దూరి వచ్చి, మొహమంతా నవ్వుతో, "అమ్మా, బాగుందా?" అని అడిగింది.

ఆయమ్మ లేచి చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆడోళ్లు పట్టుకొని లాగినారు. పాప ఏడవలేదు, నావైపు చూసింది. నేను చెప్తానని, ఇది ఆనందం అని అమ్మకు అర్థమయ్యేటట్లు చెప్తానని చూసిందనుకుంటా. నేను చూపు తిప్పుకున్నాను. ఆఖరికి ఎవరో మోటరు సైకిల్ మీద నన్ను రోడ్డు దాకా దింపితే, దొరికిన బస్సెక్కి ఇంటికి వచ్చి పడినాను. 

మరుసటిరోజు నుంచి పాప బడికి రాలేదు.

వారానికి వీడియో వచ్చింది. మా టీచర్ల గ్రూపులోనే వచ్చింది, దండాల బొమ్మలతో, "మన మండలానికి గర్వకారణం" అని. తెరిచి చూసినాను. కింద పిల్లనగ్రోవి పాట. బావి లేదు, తాడు లేదు, దెబ్బలు లేవు. నేను ముద్దుగా చదివేది కొంచెం, ఆ "తీరిపోయింది" అనే మాట కాడికి రాకముందే కోసేసినారు. తర్వాత నేరుగా ఆయమ్మ మొహం, మెరిసే చెంపల మీద కారే నీళ్లు. మీద అక్షరాలు: ఒక తల్లి ఆనందబాష్పాలు.

థూ! ఫోను మంచం మీదికి విసిరికొట్టినాను. మళ్లీ తీసి ఆ అమ్మాయికి ఫోన్ చేసినాను.

"ఏం పిల్లవమ్మా నువ్వు? ఆయమ్మ దేనికి ఏడ్చిందో నీకు తెలీదా? నువ్వు ఆడనే ఉంటివి కదా!"

"తెలుసు మేడం. నాకూ నిద్ర పట్టట్లేదు. ఫుటేజ్ అంతా ఆఫీసుకు పంపాలి, పంపాను. ఎడిట్ చేసింది వాళ్లు. అంతమందికి నచ్చింది కదా, ఇప్పుడు తీసెయ్యమంటే..." అని నసిగింది.

"ఏడుపు ఎవరికి నచ్చింది?"

"ఎమోషన్ మేడం, కనెక్ట్ అయ్యారు."

అది కూడా ఏడస్తానే చెప్పింది. ఒళ్లు మండి నా నోటికి ఎంతొస్తే అంత తిట్టినాను. తీసెయ్యకపోతే జరిగిందంతా రాసి పైకి పంపుతానని చెప్పినాను. రెండు రోజులకు తీసేసినారు. వాళ్ల దాంట్లో నుంచి తీసేసినారు. మా ఊరోళ్ల ఫోన్లలోంచి ఎవరు తీస్తారు? చీనీ తోటలో కాయలు కోసేటప్పుడు, పక్క చెట్టు కాడ ఆడోళ్లు ఆ పాట పెట్టుకొని నవ్వినారంట.

పాప రాని రోజులు లెక్కపెట్టుకోలేక, ఆదివారం అయినా బస్సెక్కి వాళ్లింటికి పోయినాను. ఆయమ్మ గడపలో కూచొని, పిన్నీసుతో చేతుల్లో ముండ్లు తీసుకుంటాంది. పాప లోపల బిందెలు సర్దుతాంది. నన్ను చూసి బయటికి రాబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"తప్పు నాదే. బిడ్డది కాదు. బోర్డు మీద రాసింది నేను, దిద్దకుండా పంపించింది నేను" అన్నాను. ఇంత వయసులో ఒక మనిషి ముందర ఇట్ల నిలబడి చెప్పడం నాకు అదే మొదలు.

"నా ఏడుపుకు పాట పెట్టినారంట గదా" అనింది ఆయమ్మ, తలెత్తకుండా.

"తీపించినాను."

"ఊ."

"బిడ్డను బడికి పంపుమ్మా. తెలివిగల బిడ్డ. ఈ ఏడు ఆగిపోతే చేతుల్లోంచి పోతాది."

ఆయమ్మ ముల్లు తీసి పక్కన బండ మీద గీరింది. "పంపను మేడం. ఆయప్ప పది సదివినాడు. సదివినోడు గాబట్టి కాగితం రాసిపెట్టి పాయె. మా అవ్వకు రాయను రాదు, మా అమ్మకు రాయను రాదు, నాకు రాదు. మేం యాడికీ పోలా. ఇంట్లోనే పడుండాం. రాసేది వస్తే పోతారు."

 చదువు విలువ గురించి నాకు తెలిసిన ముక్కలన్నీ ఆ గడపలో పనికిరాకుండా పోయినాయి. ఆఖరికి కోపమే వచ్చింది నాకు. ఆమె మీద కాదు, ఎవరి మీదనో తెలీని కోపం. "సరేమ్మా, పంపొద్దు. రేపు ఇంకొక కాగితం వస్తాది. బ్యాంకోళ్లదో, ఆస్పత్రిదో, ఎవరిదో ఒకరిది. ఎవరు చదవాల? మళ్లీ అంగట్లోకి పోతావా? మళ్లీ నా మాదిరి దాని దగ్గరికి పరిగెత్తుకొని వస్తావా?" అన్నాను.

ఆ మాట తగిలింది. పిన్నీసు పట్టుకున్న చెయ్యి ఆగింది. లోపల పాప బిందెల చప్పుడు కూడా ఆగింది. 

"అయితే ఒగటి" అనింది. "సదివేది నేర్పు. రాసేది నేర్పొద్దు."

"రెండూ ఒకటేనమ్మా, ఒకటి లేకుండా ఇంకొకటి..."

"ఒగటి గాదు. సదివేటోళ్లు ఇంట్లో ఉంటారు. రాసేటోళ్లు పోతారు. నువ్వు ఒప్పుకుంటే పంపుతా. లేదంటే తోటకు తీసుకపోతా."

ఇరవై ఏండ్లు అక్షరాలు దిద్దించినదాన్ని. "సరే" అన్నాను. ఆయమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది, నేను నిజంగానే అన్నానా అని.

సోమవారం పాప బడికి వచ్చింది. వచ్చిన పొద్దు నుంచి చదవడంలో దాన్ని మించినోళ్లు లేరు. వత్తులంటే భయం పోయింది, మిగతా పిల్లోళ్లకు పాఠం తనే చదివి వినిపిస్తుంది. అందరూ పలకలు, నోటుబుక్కులు తీసినప్పుడు మాత్రం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని కూచుంటుంది. ఒకసారి నేలమీద దుమ్ములో వేలితో ఏదో గీస్తాంటే చూసినాను. నన్ను చూసి అరచేత్తో చెరిపేసింది. నేను బోర్డు దిక్కు తిరిగినాను.

మొన్న మండలం నుంచి సారు తనిఖీకి వచ్చినాడు. పిల్లోళ్ల నోటుబుక్కులు ఒక్కొక్కటే తిప్పుతా వచ్చి, పాప కాడ ఆగినాడు. బడికి తిరిగొచ్చినంక ఇచ్చిన నోటుబుక్కు, మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా తెల్లగా ఉండాది.

"ఏం మేడం, నాలుగో క్లాసు, ఇప్పటికీ ఈ పాపకు రాయడం రాదా?"

పాప తలెత్తి నావైపు చూసింది. దానికి వచ్చని నాకు తెలుసు, దానికీ తెలుసు.

"రాదు సార్" అన్నాను.

ఆయన నోటుబుక్కు మూసి, పాపను కాదని నన్నే చూస్తా ఇంకొకసారి అడిగినాడు. "అస్సలు రాదా?"

"రాదు సార్" అన్నాను.